గంపలో పైకాయ

మా అమ్మ నంజమ్మ గొంతు మడివాళ మార్కెట్టులో ఈ మూల నుంచి ఆ మూల దాకా వినిపించేది. నాకు గొంతుందన్న సంగతి మా హైస్కూల్లో ఎవరికీ తెలీదు. ఒకే ఇంట్లో ఇంత తేడా ఎలా వచ్చిందని చుట్టాలెవరైనా అడిగితే మా నాయన, "ఇంటికని ఇచ్చిన మాటలన్నీ ఆయమ్మే వాడేసుకుంటే బిడ్డకేం మిగుల్తాదప్పా" అనేవాడు. ఆయనకూ పెద్దగా మిగల్లేదు. చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని. ఇంటికొచ్చాక "ఊఁ" అనే ఒక్క ముక్కతోనే సంసారం నెట్టుకొచ్చేవాడు.

నేను చెబుతున్నది తొంభై ఎనిమిది చివర, అవరెకాయల కాలం. మా అవ్వ వాళ్ళ ఊళ్ళో వాటినే అనపకాయలంటారు. మంచు పడేకొద్దీ కాయకు ఒక ఘాటైన వాసన పడుతుంది. ఇక్కడ దాన్ని సొగడు అంటారు. ఆ వాసన వచ్చిందంటే బెంగళూరు జనం వేరే కూర మొహం చూడరు. గింజలు నానబెట్టి రెండు వేళ్ళ మధ్య పితికితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఈ పితికిపప్పుకు గిరాకీ ఎక్కువ కాబట్టి సాయంత్రమైతే మా ఇంట్లో ముగ్గురం గిన్నె చుట్టూ చేరేవాళ్ళం. పప్పు ఒక్కోసారి గురి తప్పి మా నాయన చెవికి తగిలేది. ఆయన "ఊఁ" అనేవాడు.

అప్పుడు నేను పదో తరగతి. అర్ధ సంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో పందొమ్మిది, సైన్సులో ఇరవై నాలుగు వచ్చాయి. ఇంగ్లీషు సంగతి వదిలేద్దాం. చివరి బెంచీ నా సొంత ఆస్తి. ఎవరైనా ప్రశ్న అడిగితే లేచి నిలబడి, తల దించుకుని, నేల మీది బండలు లెక్కపెట్టేదాన్ని. మా క్లాసులో డెబ్భై రెండు బండలుండేవి. అవన్నీ లెక్కపెట్టేలోగా టీచర్లు విసుగొచ్చి కూర్చోమనేవాళ్ళు. లెక్కలు చెప్పే వనజా మిస్ మాత్రం కొత్తగా వచ్చింది కాబట్టి డెబ్భై రెండూ అయిపోయేదాకా ఎదురు చూసేది. అందుకే ఆమె అంటే నాకు భయం.

ఆ ఏడు నేను చేసిన ఘనకార్యం ఒకటే ఒకటి. మా అమ్మకు సంతకం నేర్పాను.

రేషను అంగడిలో అమ్మ బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కేవాడు అక్కడి గుమాస్తా. మార్కెట్టులో అంత గట్టిమనిషీ అక్కడ వేలు అప్పగించి పక్కకు చూస్తూ నిలబడేది. ఎండాకాలం సెలవుల్లో ఒకరోజు ఇంటికొచ్చి, "నేర్పుతావా లేదా?" అంది, నేనేదో ఏళ్ళ తరబడి దాచిపెట్టినట్టు. మొదట పలక మీద రాసిచ్చాను, తలకెక్కలేదు. అప్పుడు అంగడి సామాన్లతో చెప్పాను. న అంటే తక్కెడ కొక్కెం. సున్న అంటే పితికిన గింజ. జ అంటే చుట్ట తిరిగిన తీగ. మ్మ అంటే చంటిపిల్లను కింద వేలాడేసుకున్న అమ్మ. నెల తిరిగేసరికి వచ్చేసింది. వచ్చిందే తడవు, వంటింటి గోడ నిండా బొగ్గుతో నంజమ్మలే. ధరల పలక మీద నంజమ్మ, గంప అడుగున నంజమ్మ. కరెంటు మీటరు చూసేవాడు చీటీ ఇస్తే దాని మీద కూడా పెట్టి తిరిగి ఇచ్చేసింది. "ఇది మీ దగ్గర ఉంచుకోవాల్సిందమ్మా" అని వాడు మొత్తుకుంటే, "ఉండనీప్పా, పెట్టేసినా కదా" అంది.

డిసెంబరు మొదటివారంలో ఒక సాయంత్రం అమ్మ గంప దింపకుండానే మొదలుపెట్టింది.

"మీ బళ్ళోకి పిలిపించినారు మునీ నన్ను. హెడ్మాస్టరు రూములోకే పోతిని. ఆ గుమాస్తా సిరా డబ్బా నా పక్క తోసి, హెబ్బెట్టా అన్యాడు. వేలిముద్రనా అని! నాకు కోపం వచ్చేసె. పెన్ను ఇట్లియ్యప్పా అంటిని. మూడు కాయితాల మీద పెడితిని చూడు, టక టక టకా. హెడ్మాస్టరే చూసి చానా బాగుందన్యాడు."

"దేనికమ్మా సంతకాలు?"

"పరీచ్చకే, ఇంకేటికి? సారు ఏందో చెప్పె. నేను మ్మ కాడ చెయ్యి ఒణక్కుండా చూసుకుంటా ఉంటిని, ఇనలే."

దేనికో నాకు మర్నాడు తెలిసింది. మా బడి గేటు పక్కన పెద్ద బోర్డు ఉండేది, వరసగా నాలుగేళ్ళు నూటికి నూరు శాతం ఫలితాలు అని. ఆ నూరు ఎలా వస్తుందో ఆ రోజు అర్థమైంది. మా క్లాసులో తప్పేలా ఉన్న ఆరుగుర్ని హెడ్మాస్టరు పిలిచి, మీ పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు, మీరు ఈ ఏడు పరీక్ష రాయడం లేదు, ఇంటి దగ్గర చదువుకుని వచ్చే ఏడు ప్రైవేటుగా కట్టుకోండి అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మందు రాసిచ్చినంత నెమ్మదిగా చెప్పాడు.

ఇక్కడ నిజం చెప్పాలి. నాకు ఏడుపు రాలేదు, సంతోషమేసింది. ఇక డెబ్భై రెండు బండలు లెక్కపెట్టే పని లేదు. ఇంటికెళ్ళి, పరీక్షకు చదువుకోమని సెలవులిచ్చారని అమ్మకు అబద్ధం చెప్పి, మర్నాటి నుంచి అంగడిలో అమ్మ వెనకాల కూర్చున్నాను. అమ్మ కేకలేసేది, నేను కాయలు సంచిలో పోసేదాన్ని. జీవితమంతా ఇలా గడిచిపోతే బాగుండుననిపించింది.

వారం గడిచింది. ఒక సాయంత్రం వనజా మిస్ కూరగాయల సంచితో మా అంగడి ముందుకొచ్చింది. ఆమెది దొడ్డబళ్ళాపురం, తెలుగు మాట్లాడే మగ్గం నేసేవాళ్ళ ఇల్లు. మడివాళలోనే ఒక పీజీ హాస్టల్లో ఉండేది. నేను గబుక్కున మెంతికూర కట్టల వెనక్కి ఒరిగాను. మెంతికూర ఎంతమందిని దాచగలదు?

అమ్మ ఆమెను ఎరగదు. గిరాకీ అనుకుని, "రాండక్కా, మంచు తిన్న కాయ, వాసన చూడండి" అంది. మిస్ ధరల పలక చూసి, "ఈ సంతకం ఎవరిది?" అని తెలుగులోనే అడిగింది. అంతే, అమ్మ కాయల సంగతి మరిచిపోయింది. తక్కెడ కొక్కెం దగ్గర మొదలుపెట్టి పిల్లను వేలాడేసుకున్న అమ్మ దాకా మొత్తం చెప్పింది.

"ఎవరు నేర్పించినారు?"

"నా కూతురే. ఒక్క నెలలో! ఈడనే ఉండాది చూడండి, సెలవులిచ్చినారని. మొన్న వాళ్ళ బళ్ళోనే మూడు సంతకాలు పెట్టొస్తి, పరీచ్చకు."

మిస్ నా వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. సంచి కింద పెట్టింది. "సెలవులు లేవు నంజమ్మక్కా" అంది మెల్లగా. "నేను వాళ్ళ లెక్కల టీచర్ని. ఆ కాయితంలో రాసుండేది వేరే." అంటూ విషయమంతా చెప్పింది.

అమ్మ నన్ను తిట్టలేదు. తిడుతుందని భుజాలు ముడుచుకుని కూర్చున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కాయలు తూచి మిస్‌కు ఇచ్చింది, అంగడి కట్టేసింది, ఇంటికొచ్చి తడిగుడ్డ తీసుకుని వంటింటి గోడ తుడవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క నంజమ్మా నల్లటి చారై కిందికి కారింది. నాయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ రాత్రి మా ఇంట్లో పప్పు పితకలేదు.

ఆ శనివారం రేషను అంగడికి పోయాం. నా చేతిలో కిరసనాయిలు డబ్బా. ఆరు నెలలుగా అమ్మ అక్కడ పెన్ను తీసుకుని సంతకం పెడుతోంది. గుమాస్తా పెన్ను అందించాడు కూడా. అమ్మ తీసుకోలేదు.

"సిరా డబ్బా ఇట్ల జరుపు సామీ" అంది.

"ఏం నంజమ్మా, చెయ్యి నొప్పా?"

"మాకేలప్పా అయ్యన్నీ" అంటూ తనే వేలు అద్ది నొక్కింది. ఈసారి పక్కకు కూడా చూడలేదు. చీర కొంగుకు తుడుచుకుంటే మరక పోలేదు. ఇంటిదాకా ఆమె ముందు, నేను వెనక. నాకు సిగ్గేసింది, కోపమొచ్చింది. కోపం హెడ్మాస్టరు మీదో, నా మీదో తెలీలేదు. నెలరోజులు కూర్చోబెట్టి నేను నేర్పిన విద్య అది. నా బతుక్కి నేను చేసిన ఒకే ఒక్క మంచి పని. అది కూడా నావల్లే పోయింది. కిరసనాయిలు డబ్బా ఇంటి ముందు పెట్టి, లోపలికి పోకుండా, అటు నుంచి అటే మిస్ ఉండే పీజీకి నడిచాను.

"నేను పరీక్ష రాయాలి మిస్" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం అదే.

"దరఖాస్తులు పంపడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి" అంది మిస్. "హెడ్మాస్టరుతో నువ్వూ మీ అమ్మా మాట్లాడాలి. నేను తాత్కాలిక టీచర్ని, మీతో లోపలికి రాలేను. కానీ దానికి ముందు నీకు లెక్కలు రావాలి కదా. రేపట్నుంచి నేనే మీ ఇంటికి వస్తాను."

వచ్చింది. గిన్నె ముందు కూర్చుంది. పుస్తకం తెరిచి, "నాకు చెప్పొద్దు మునిలక్ష్మీ, మీ అమ్మకు చెప్పు. ఆమెకు అర్థమైతే నీకు వచ్చినట్టు" అంది.

"మా అమ్మకు లెక్కలు రావు మిస్."

"అందుకే."

అమ్మ మొహం చిట్లించింది. "నాకేల తల్లీ ఇయ్యన్నీ? నేను చదివి చెడగొట్టింది చాల్దా?"

"నంజమ్మక్కా, చేతులు పప్పుకియ్యి, చెవులు మాకియ్యి" అంది మిస్.

పాఠం మొదలుపెట్టాను. వృత్తానికి బయట ఒక బిందువు ఉంటే, దాని నుంచి వృత్తాన్ని తాకుతూ గీసిన రెండు గీతలూ సమానం. గిన్నెలోకి చూస్తూ గొణిగాను.

"ఎవురికి చెప్తాండావే, గిన్నెకా?" అంది అమ్మ.

మళ్ళీ చెప్పాను. "ఇనబడలే." ఇంకోసారి చెప్పాను. "ఇప్పుడు ఇనబడె. అర్థం కాలే." ఇలా మూడుసార్లయ్యాక నాకు రోషమొచ్చింది. లేచి గోడకున్న పళ్ళెం తీసి నేల మీద బోర్లించాను. కాస్త దూరంలో ఒక మేకు గుచ్చాను. మేకు నుంచి పూలదారం రెండు వైపులా లాగి పళ్ళేన్ని తాకించాను. "ఇదిగో, ఈ దారం, ఆ దారం సమానమంటున్నా!"

అమ్మ రెండు దారాలూ తీసి పక్కపక్కన పెట్టి చూసింది. "సమానమే. అయిపాయె కదా, సమానమని రాసేసి రా. దీనికి రెండు పేజీలేల?"

"ఈ పళ్ళేనికి సరే అక్కా" అంది మిస్. "లోకంలో ఉండే పళ్ళాలన్నిటికీ సమానమని ఎట్ల చెప్తావు?"

"లోకంలో పళ్ళాలన్నీ మనకేల?"

మిస్ నవ్వాపుకుంటూ నా వైపు చూసింది, సమాధానం నువ్వే చెప్పు అన్నట్టు. నేను పళ్ళెం మధ్య నుంచి దారం తాకే చోటికి బొగ్గుతో గీత గీశాను. అక్కడ నిలువుగా మూల ఎందుకొస్తుందో, రెండు త్రిభుజాలు అచ్చుగుద్దినట్టు ఎందుకు ఒకటవుతాయో చెప్పుకుంటూ పోయాను. అమ్మ అడుగడుగునా "యాల?" అంది. యాల అన్న ప్రతిచోటా నేను ఆగి, ఆలోచించి, ఇంకోలా చెప్పాల్సి వచ్చింది. బళ్ళో నన్నెవరూ ఇన్నిసార్లు ఎందుకని అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

చివరికి అమ్మ పితకడం ఆపి, పళ్ళెం వైపే చూస్తూ అంది. "అంటే, గంపలో పైకాయ చూసి గంపంతా ఇంతేనని కొనకూడదంటావు. కిందికంటా చెయ్యిపెట్టి చూడాల."

"అదే అక్కా, అదే" అంది మిస్.

"ఇంత చిన్న మాటకు ఇంత పెద్ద పుస్తకమా?" అని అమ్మ మళ్ళీ గింజలు అందుకుంది. తర్వాత తనలో తనే అన్నట్టు, "నేను పైకాయే చూస్తిని కదా ఆ పొద్దు" అంది.

అలా ఎనిమిది రోజులు. అమ్మ దెబ్బకు నా గొంతు వీధిలోకి వినిపించేంత పెరిగింది. పక్కింటివాళ్ళు తగాదా అనుకుని తొంగిచూసి, స్పర్శరేఖ అని వినపడగానే వెనక్కి పోయేవాళ్ళు. మా నాయన కూడా ఒకరోజు "ఊఁ, ఆ మూల తొంభై డిగ్రీలు" అన్నాడు. ముగ్గురం ఆయన్ని వింతగా చూశాం.

తొమ్మిదో రోజు అమ్మా నేనూ హెడ్మాస్టరు రూముకు పోయాం. అమ్మ ఆ ఉదయం మార్కెట్టులో ఇద్దరితో గొడవపడి గెలిచి వచ్చింది. గుమ్మం దాటగానే మాత్రం కొంగు భుజాల మీదుగా కప్పుకుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. హెడ్మాస్టరు కన్నడంలో, "ఏమమ్మా, మళ్ళీ వచ్చారు?" అని మర్యాదగానే అడిగాడు.

అమ్మ నోరు తెరవలేదు. మా అమ్మ! నేను ఆమె వైపు చూస్తే ఆమె నా వైపు చూసింది. సరే, నాకు అలవాటైన పనే కదా అని తల దించి బండలు లెక్కపెట్టాను. ఆ గదిలో వేసినవి పెద్ద పెద్ద బండలు. తొమ్మిదికే అయిపోయాయి. ఇక లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

"సార్, మా అమ్మ సంతకం పెట్టిన కాగితం ఒకసారి చదివి వినిపించండి" అన్నాను.

ఎనిమిది రోజుల అలవాటు మీద మాట కాస్త గట్టిగానే వచ్చింది. బయట గుమాస్తా తలెత్తి చూశాడు. హెడ్మాస్టరు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"అందులో ఏముందో ఆమెకు ఆ రోజే చెప్పానే?"

"రాసింది ఆమె ఇంకా వినలేదు సార్. చదవండి."

ఆయన ఫైలు తెప్పించాడు, కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, చదివాడు. నా కూతురు చదువులో బాగా వెనకబడి ఉన్నందున, ఈ ఏడాది పరీక్షకు పంపడం నాకు సమ్మతం కాదు. ఈ నిర్ణయం నా సొంత ఇష్టంతో తీసుకున్నాను. సొంత ఇష్టం దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు కాస్త తగ్గింది.

"ఎవురి సొంత ఇష్టం సార్?" అంది అమ్మ.

అమ్మయ్య, నోరు తిరిగొచ్చింది. కొంగు భుజం మీంచి తీసి నడుముకు దోపుకుంది. మాట సగం కన్నడం, సగం తెలుగు.

"నేనూ యాపారం చేసేదాన్నే సార్. గంపలో మంచికాయ పైనే పేరుస్తా, లేదనను. అందరూ చేసేదే. కానీ కొనేవాళ్ళు కిందికి చెయ్యి పెడితే వాళ్ళ చెయ్యి పట్టుకోను. మీరు సంతకం బాగుందని పైకాయ చూపించి గంప అంటగడితిరి. నాకు చదువు రాదు, నిజమే. నా బిడ్డకు వస్తాది. అడగండి కావాలంటే."

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదాయన. నాలుగేళ్ళుగా ఆ బోర్డు మోసి మోసి మెడ పట్టేసిన మనిషి. "పాసవుతానని ధైర్యముందా నీకు?" అని నన్నడిగాడు.

"స్పర్శరేఖల సిద్ధాంతం చెప్పనా సార్?"

చెప్పాను. ఆయన టేబుల్ మీది కాగితం వెనక గీసి చెప్పాను. మధ్యలో ఒకచోట తడబడితే వెనక నుంచి అమ్మ, "పళ్ళెం నడిమి నుంచి గీత గీయలేదు నువ్వు" అని అందించింది. హెడ్మాస్టరు తలెత్తి అమ్మను చూశాడు. ఆ మూడు కాగితాలూ మడిచి పక్కన పెట్టి, నా పేరు పంపుతానని, జనవరిలో బళ్ళో పెట్టే ప్రిపరేటరీ పరీక్ష తప్పితే మాత్రం హాల్ టికెట్టు ఇవ్వనని చెప్పాడు.

వరండాలో వనజా మిస్ చేతిలో అటెండెన్సు రిజిస్టరుతో, ఏమీ ఎరగనట్టు ఎదురొచ్చింది. మమ్మల్ని దాటిపోతూ, "గేటు దాకా వినిపించింది" అంది నాతో.

అమ్మ అక్కడితో ఊరుకుంటే మా అమ్మే కాదు. మిగతా అయిదుగురి ఇళ్ళ అడ్రసులు నాతో రాయించుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఆ వారమంతా ఒకరి తర్వాత ఒకరు హెడ్మాస్టరు రూముకొచ్చి, ఆ కాగితం చదివి వినిపించండి అన్నారు. గురువారానికి ఆయన గొంతు బొంగురుపోయిందని గుమాస్తా చెప్పుకున్నాడు.

కానీ అమ్మ మాత్రం మళ్ళీ సంతకం పెట్టలేదు. రేషను అంగడిలో వేలిముద్రే.

జనవరి ఒకటో తేదీన నాయన కొత్త క్యాలెండరు తెచ్చాడు. వంటింటి గోడ మీది పాతది తీశాడు. దాని వెనక బొగ్గుతో ఒక నంజమ్మ, నీళ్ళు తగలకుండా, అలాగే ఉంది. ఆ క్యాలెండరు మొదట్నుంచీ అక్కడ లేదు, పొయ్యి వైపు గోడకుండేది. అమ్మ తుడిచిన రోజు అది ఈ గోడకెలా వచ్చిందో అమ్మా నేనూ గమనించలేదు.

"ఇది కూడా తుడుస్తావా?" అన్నాడు నాయన. ఆయన నోట్లోంచి అంత పెద్ద వాక్యం వచ్చి చాలా రోజులైంది.

అమ్మ గింజలు పితుకుతూ తలెత్తలేదు. నాయన కొత్త క్యాలెండరు ఇంకో మేకుకు తగిలించి, ఆ చోటు ఖాళీగా వదిలేశాడు.

ప్రిపరేటరీలో లెక్కల్లో ముప్ఫై తొమ్మిది వచ్చాయి. మిగతా అయిదుగురూ సాయంత్రాలు మా ఇంటికే రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు వనజా మిస్ చెప్పేది తక్కువ, నేను చెప్పేది ఎక్కువ, అమ్మ యాల అనేది అన్నిటికంటే ఎక్కువ. ఆ కాలంలో మా వీధిలో పితికిపప్పు అంత వేగంగా తయారైన ఇల్లు ఇంకోటి లేదు. బాలరాజు అనే అబ్బాయికి త్రికోణమితి నాలుగు రకాలుగా చెప్పి, నాలుగోసారి వాడి మొహం విప్పారడం చూశాను. నాకేం కావాలో అప్పుడే తెలిసిందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆకలేస్తోందని అనుకున్నాను. ఇప్పుడు నేను ఒక సర్కారు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పాఠం రాలేదన్న పిల్లలతో ఇంటికెళ్ళి మీ అమ్మకు చెప్పి రమ్మంటాను. కొందరు అమ్మలు నన్ను తిట్టుకుంటారని తెలుసు.

అవరెకాయలు అయిపోయాయి, మామిడికాయలొచ్చాయి, మే నెలలో ఫలితాలొచ్చాయి. మా ఆరుగురిలో అయిదుగురు పాసయ్యాం. బాలరాజు ఒక్కడే ఇంగ్లీషులో తప్పి, తర్వాత మళ్ళీ రాసి గట్టెక్కాడు. ఆ ఏడు బోర్డు మీద నూరు పక్కన తొంభై ఎనిమిది రాయించారు. హెడ్మాస్టరు దాని ముందు నిలబడి పెయింటరుకు, "ఎనిమిది కాస్త పెద్దదిగా రాయప్పా" అని చెబుతుంటే నేనే విన్నాను.

మార్కుల కార్డు తీసుకోవడానికి అమ్మ అంగడి కట్టేసి మరీ వచ్చింది. బళ్ళో అదే గుమాస్తా. వరసలో మా ముందున్నవాళ్ళ వైపు సిరా డబ్బా తోస్తూ ఉన్నాడు. అమ్మను చూడగానే చెయ్యి ఆగింది. డబ్బా పక్కన పెట్టి, రిజిస్టరు మా వైపు తిప్పి, పెన్ను తీసి ఇచ్చాడు.

అమ్మ పెన్ను అందుకోలేదు.

"ముందర ఏం రాసుండాదో చదువు మునీ" అంది.

చదివాను. నా పేరు, నాయన పేరు, పుట్టిన తేదీ, ఒక్కో సబ్జెక్టూ, ఒక్కో మార్కూ. లెక్కలు నలభై ఏడు. వెనక వరసలో ఎవరో గొణిగారు. అమ్మ వెనక్కి కూడా చూడలేదు.

"లెక్కలు ఇంకోతూరి చదువు."

"నలభై ఏడు."

"కింద? నేను పెట్టేకాడ ఏముంది?"

"మార్కుల కార్డు అందింది అని ఉందమ్మా. అంతే."

"అంతేనా? సరే, అందింది నిజమే కదా" అని, అప్పుడు పెన్ను తీసుకుంది. తక్కెడ కొక్కెం వేసింది. గింజ పెట్టింది. తీగ చుట్టింది. అయిదు నెలలుగా అలవాటు తప్పిన చెయ్యి మ్మ దగ్గరికొచ్చేసరికి ఒణికింది. ఆ కింది పిల్ల గీత దాటి, కింద ఇంకెవరి పేరో ఉన్న గడిలోకి దిగిపోయింది.

"గడి దాటిపోయింది కదమ్మా" అన్నాడు గుమాస్తా.

"దాటనీలేప్పా" అంది అమ్మ, పెన్ను మూత పెట్టి అతని చేతికిస్తూ.